రంగు కనిపించాక వాదన లేదు

పైపులక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. దానితో ఆసుపత్రి వాళ్ళకు తప్ప ఎవరికీ ఎప్పుడూ పని పడలేదు. ఆసుపత్రి వసారాలో ఆ పేరు పెట్టి రెండుసార్లు పిలిచినా ఎవరినో అనుకుని కదలకుండా కూర్చుంది. పక్కనున్న భర్త మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచింది.

ఆవిడ వృత్తి నీళ్ళు కారే చోటు కనిపెట్టడం. కుళాయిలు బిగించేవాళ్ళు, పైపులు వేసేవాళ్ళు వీధికి నలుగురుంటారు. కానీ కింది ఇంటి పైకప్పుకు చెమ్మ మరక పడి, పైవాళ్ళు "మాది కాదు" అని, పక్కవాళ్ళు "మాదసలే కాదు" అని, అందరూ మెట్ల మీద చేరి ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరు తవ్వుకుంటున్నప్పుడు పిలవాల్సింది పైపులక్కనే. ఆవిడ వచ్చి ఎవరి మాటా వినేది కాదు. అది ఆవిడ పద్ధతి. సంచిలోంచి మూడు రంగుల సీసాలు తీసేది. నీలం ఒక ఇంటి నీళ్ళలో, ఎరుపు ఇంకో ఇంటి నీళ్ళలో, పచ్చ మూడో ఇంటి నీళ్ళలో కలిపి వచ్చి, మరక పడ్డ గదిలో కుర్చీ వేయించుకుని పైకప్పుకేసి చూస్తూ కూర్చునేది. టీ ఇస్తే తాగేది. మాట్లాడిస్తే పలికేది కాదు. ఎప్పటికో పైనుంచి ఒక రంగు చుక్క దిగేది. ఏ రంగు దిగితే ఆ ఇంటిది తప్పు.

"రంగు కనిపించాక వాదన లేదు," అనేది సీసాలు సర్దుకుంటూ. అంతటితో మెట్ల మీద కోర్టు ముగిసేది. ఒకసారి పై ఇంటి పెద్దమనిషి, చదువుకున్నవాడే, తన ఇంటి ఎర్రచుక్క తన నెత్తినే పడ్డాక కూడా ఇంకా ఏదో చెప్పబోయాడు. "ముందు తల తుడుచుకోండి" అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

ఈ విద్య తండ్రి నేర్పాడు. ఆయనకు కొడుకులు లేరు, ఉన్న ఒక్క కూతురికి చేతిబలం ఉంది. ఆయన పోతూ ఇచ్చిన ఆస్తి ఒక పైపు రెంచి. మోచేతి పొడుగు, చంటిపిల్ల అంత బరువు. కుడిచేత్తో పట్టి, భుజం దన్ను పెట్టి తిప్పితే తుప్పుపట్టి బిగుసుకుపోయిన ఎలాంటి మూతైనా మాట వినేది. ఎడమచేత్తో మాత్రం ఆవిడకు తల దువ్వుకోవడం కూడా సరిగా రాదు. కుడిచెయ్యే ఆవిడ కొట్టు, ఆవిడ పొలం, ఆవిడ చదువు.

పెళ్ళి కూడా తన పనిముట్ల పెట్టె పుణ్యమే. తండ్రి పోయిన కొత్తలో దాని తాళంచెవి ఎక్కడో పారేసుకుంది. వీధి చివర తాళాల కొట్టాయనను పిలిస్తే వచ్చాడు, పాత తాళం విప్పాడు, కొత్త తాళం వేశాడు, చెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మొత్తం వ్యవహారంలో ఒక్క ముక్క మాట్లాడలేదు. రోజంతా జనం అరుపుల మధ్య బతికే మనిషికి ఆ మౌనం నచ్చేసింది. కొన్నాళ్ళకు రెండో తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు. మొదటి రోజే ఇవ్వాల్సింది కదా, ఎందుకివ్వలేదని అడిగితే, "అడగలేదుగా" అన్నాడు. ఆ మాట అప్పుడు ముద్దుగా వినిపించింది. అది ఆయన జీవిత సిద్ధాంతమని పెళ్ళయ్యాక తెలిసింది. అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాడు. అడగకపోతే ఇల్లు అంటుకున్నా కిమ్మనడు.

ఆయన తల్లి ఇందుకు పూర్తిగా విరుద్ధం. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిన పోయేవాళ్ళను కూడా ఆపి ప్రశ్నలు వేస్తుంది. కొడుకు నోట్లోంచి మాట రాబట్టగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే. పైపులక్కకు ఈ ప్రశ్నలంటే తలనొప్పి. అయితే పిల్లలు లేరేమని మొదట్లో అడిగిన అత్తగారు, ఒక రోజు కోడలి మొహం చూసి ఆ ఒక్క ప్రశ్న శాశ్వతంగా మానేసింది. అందుకు పైపులక్క లోలోపల ఆవిడకు దణ్ణం పెట్టుకునేది. పైకి మాత్రం ఇద్దరూ రోజూ దేనికో దానికి మూతులు ముడుచుకునేవారు.

ఇక పక్కవీధి గోడచెవి మేస్త్రి. ఆయనకు రంగులూ సీసాలూ లేవు. గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, "ఇదిగో, ఇక్కడ పారుతోంది" అని సుద్దముక్కతో గుర్తు పెడతాడు. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అదే పైపులక్కకు ఒళ్ళుమంట. "గోడ చెప్పిందట, ఈయన విన్నాడట" అనేది. వినడం మీద ఆవిడకు బొత్తిగా నమ్మకం లేదు. ఏళ్ళ తరబడి ఇద్దరిలో ఎవరు ముందు చూస్తే వాళ్ళు వీధి దాటి అవతలి పక్కకు పోయేవారు.

ఇదీ పైపులక్క సంసారం. ఇలా ఉండగా ఒక రోజు ఎవరి వంటింట్లోనో సింకు కింద వెల్లకిలా పడుకుని, కుడిచెయ్యి పైకి చాచి నట్టు తిప్పుతుంటే రొమ్ము పక్కన ఏదో గట్టిగా పక్క గోడకు నొక్కుకుంది. కుడివైపు. నొప్పి లేదు. నట్టు బిగించడం పూర్తి చేసి, నీళ్ళు వదిలి, కారడం లేదని చూసుకుని, అప్పుడు బయటికొచ్చి తడిమి చూసుకుంది. ఆసుపత్రిలో ఫొటోలు తీశారు, సూది గుచ్చి ముక్క తీశారు, కాన్సర్ అన్నారు. గడ్డ చిన్నదే అన్నారు. పైపులక్క విన్నది మొదటి మాట.

ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ నిదానమైన మనిషి. భార్యాభర్తలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "గడ్డను, చుట్టూ కాస్త కండతో సహా తీసేస్తాం. రొమ్ము ఉంటుంది. మనం తేల్చుకోవాల్సింది ఏంటంటే, జబ్బు అక్కడే ఉందా, బయటికి అడుగు వేసిందా అని. రొమ్ములో ఊరే నీరు సన్నటి గొట్టాల గుండా చంకలోకి పోతుంది. చంకలో చిక్కుడు గింజల్లాంటి గ్రంథులుంటాయి. జబ్బు బయల్దేరితే సాధారణంగా ముందు చిక్కేది వాటిలో మొదటిదాంట్లో. ఆ మొదటిది ఏదో ఊరికే చూస్తే తెలీదు. అందుకని రొమ్ములో నీలం రంగు ఎక్కిస్తాం. రంగు ముందుగా దేనికి చేరితే దాన్ని తీసి పరీక్షకు పంపుతాం."

పైపులక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. జబ్బు పేరు విన్నప్పటినుంచి మొదటిసారి ఆవిడ మొహంలోకి రంగొచ్చింది. ఇన్నాళ్ళకు పని తెలిసిన మనిషి కనిపించింది.

"రంగు వేశాక ఎంతసేపు ఆగుతారు?"

"కొద్ది నిమిషాలమ్మా."

"తొందరపడకండి. తొందరపడితే పక్క లైను మీద నేరం పడుద్ది. వాల్వులున్నాయా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఉన్నాయి. ఆ గొట్టాల్లో పుట్టుకతోనే ఉంటాయి. ఒకవైపే పోనిస్తాయి."

"వెనక్కి కొట్టదన్నమాట," అంది పైపులక్క భర్త వైపు తిరిగి. "మంచి లైను."

భర్త తలూపాడు.

"ఆ గ్రంథి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోం," అంది డాక్టరమ్మ. "అందులో జబ్బుంటే మాత్రం చంకలో ఇంకా చాలా తీయాల్సి రావచ్చు. అప్పుడు చేతిలో నీరు పోయే దారులు తగ్గిపోతాయి. కొందరికి చెయ్యి వాస్తుంది. బరువు పని చేసేవాళ్ళకు అది కష్టం."

"ఏ చెయ్యి?"

"గడ్డ ఉన్న వైపు. కుడిది."

సరిగ్గా అప్పుడు పైపులక్కకు గది మూల చేతులు కడుక్కునే తొట్టి కనిపించింది. దాని కుళాయి కారుతోంది. చుక్క, కాసేపు ఖాళీ, మళ్ళీ చుక్క. ఆవిడ చూపు అక్కడ అతుక్కుపోయింది. భయం వేసిందని ఒప్పుకునే రకం కాదు గానీ, వేసింది. అంత భయంలో తన చేతనైన పని ఒకటి ఎదురుగా కారుతూ కనిపిస్తే మనిషి ఇంకేం వింటుంది? ఆ కాస్త వ్యవధిలో డాక్టరమ్మ మరో నాలుగు మాటలు చెప్పింది. వాటిలో ఒకటి ఇది: "రంగు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం నీలంగానో పచ్చగానో వస్తుంది, కంగారు పడొద్దు." మీరైనా గుర్తుపెట్టుకోండి, ఆవిడ వినలేదు.

"వాషర్ పోయింది," అంది పైపులక్క.

"ఏంటమ్మా?"

"మీ కుళాయికి."

డాక్టరమ్మ కుళాయి వైపు చూసి, "చెప్పి చాలా కాలమైంది, ఎవరూ రారు" అంది. తర్వాత, "నేను చెప్పింది అంతా అర్థమైందా?" అని అడిగింది. అర్థమైందని పైపులక్క అంది. భర్త తలూపాడు. ఆయనకు నిజంగానే అర్థమైంది.

ఆపరేషన్ అనుకున్న రోజునే అయింది. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి పంపించారు. బయల్దేరే ముందు నర్సమ్మ జాగ్రత్తలన్నీ మళ్ళీ అప్పజెప్పింది. పైపులక్కకు ఇంకా మత్తు దిగలేదు. నర్సమ్మ ఏది చెప్పినా నవ్వి "సరే తల్లీ" అంది. భర్త తలూపాడు.

మర్నాడు పొద్దున ఇంట్లో బాత్రూముకు వెళ్ళి, లేచి, వెనక్కి తిరిగి చూసింది. నీలం. మామూలు నీలం కాదు, కాస్త పచ్చ కలిసిన నీలం. తన పెద్ద సీసాలో రంగు పల్చన చేస్తే అచ్చం అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్లష్ ట్యాంకు లోపల కారుతోందో లేదో తెలుసుకోవడానికి పైపులక్క ట్యాంకులో నీలం వేసి, మీట నొక్కకుండా వదిలేస్తుంది. కాసేపటికి కింద నీలం కనిపిస్తే లోపలి బిళ్ళ పోయినట్టే. కాబట్టి మొట్టమొదట ఆవిడకు తన గురించి అనుమానం రాలేదు. ట్యాంకు గురించి వచ్చింది. కుట్లున్న వైపు చెయ్యి ఒంటికి అదుముకుని, ఎడమచేత్తో తంటాలు పడి ట్యాంకు మూత ఎత్తి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"అత్తయ్యా," అని లోపల్నుంచే పిలిచింది. "నా సీసాలు ముట్టుకున్నారా?"

"నీ సీసాలు నాకెందుకు? తాగుతానా?" అంది అత్తగారు తలుపవతల నుంచి. "అంతా సవ్యంగా అయిందా?"

"మీకెందుకు?"

"అడిగితే తప్పా?"

పైపులక్క మూత మళ్ళీ పెట్టింది. ట్యాంకులో రంగు లేదు. సీసాలు ఎవరూ ముట్టుకోలేదు. రంగు వేసింది ఒక్కచోటే, తన రొమ్ములో. తేలింది ఇక్కడ. అంటే మొదటి గ్రంథి దాటింది, రెండోది దాటింది, లైన్లన్నీ దాటుకుని ఒళ్ళంతా తిరిగి బయటికొచ్చింది. ఎక్కడా ఏదీ ఆపలేదు. ఇంక చంకలో ఎన్ని తీస్తే ఏం లాభం, చెయ్యి పోతే పోయింది, మనిషే ఉండదు. ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళు జనం తన ముందు నిలబడి రంగు చుక్క చూసి మొహాలు మాడ్చుకున్నారు. వాళ్ళు ఒక్కసారైనా, ఇంకోసారి చూడమ్మా అని అడిగితే తను ఒప్పుకుందా? లేదు. రంగు కనిపించాక వాదన లేదు.

అందుకే డాక్టరమ్మకు ఫోన్ చేయలేదు. ఎవరైనా చేస్తారు, మీరూ నేనూ అయితే అరగంటలో చేసేస్తాం. ఆవిడ చేయలేదు. పరీక్ష ఫలితం రావడానికి ఇంకా టైముంది, ఆ కాగితం కూడా ఇదే చెబుతుంది, అప్పటిదాకా ఇంట్లోవాళ్ళను ఏడిపించడం దేనికని కడుపులో పెట్టుకుంది. మర్నాటికి నీలం తేలికైంది, ఆ తర్వాత పోయింది. రంగు మొత్తం బయటికి వచ్చేసిందని లెక్కవేసుకుంది.

ఇంట్లో మిగతా ఇద్దరూ మామూలుగానే ఉన్నారు. అత్తగారు కోడలు పడుకునే మంచం కిటికీ పక్కకు మార్పించి, తన కుర్చీని నడవలోకి లాక్కుంది. ఆ కిటికీ వదులుకోవడం ఆవిడకు ఎంత కష్టమో వీధి మొత్తానికి తెలుసు. భర్త కొట్లోనే ఎక్కువసేపు ఉంటున్నాడు. ఆకురాయితో ఏదో అరగదీస్తున్న చప్పుడు వీధి చివర నుంచి వినిపిస్తూ ఉండేది. పెళ్ళాం ఇలా ఉంటే ఈయనకు తాళాలే దొరికాయా అనుకుంది పైపులక్క. అనుకున్నా అడగలేదు. ఆయనకు ఇనుముతో తప్ప కాలక్షేపం తెలీదు, పాపం, తను లేకపోతే అసలు ఎవరితో మాట్లాడతాడు, అని జాలి కూడా వేసింది. తనతో మాత్రం ఏం మాట్లాడాడు గనక అని వెంటనే కోపం వచ్చింది.

వీధిలో నడవగలిగాక, భర్త కొట్లో ఉండగా, చక్రాల సంచిలో రెంచి, మూడు సీసాలు పెట్టి ఎడమచేత్తో లాక్కుంటూ పక్కవీధికి వెళ్ళింది. గోడచెవి మేస్త్రి తన షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆవిడను చూసి అలవాటు ప్రకారం వీధి దాటబోయి, ఇది తన షెడ్డే కదా అని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"మేస్త్రి గారూ," అంది పైపులక్క.

ఆ నోట ఆ "గారు" ఆయన ఎన్నడూ వినలేదు. ఏదో ఘోరం జరిగిందని అప్పుడే అర్థమైంది.

"కూర్చో అక్కా," అని స్టూలు ఆవిడకిచ్చి తను గోడకు ఆనుకున్నాడు. వయసులో ఆయనే పెద్ద. అందరూ అక్కా అంటారు గనక ఆయనకూ అక్కే.

ఆవిడ ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టింది. "పోస్టాఫీసు వెనక భవనంలో పెద్ద వాల్వు తిరగేసి బిగించారు, మూయాలంటే ఎడమకు తిప్పాలి. బేకరీ మీది ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంటది. ఎక్కడ కారినా ముందు ఆవిణ్ణే తిడతారు, తప్పు ఎప్పుడూ పక్కింటిదే. మీరు తిట్టనివ్వకండి. ఇది మా నాన్న రెంచి. వాడకపోతే తుప్పు పట్టుద్ది."

మేస్త్రి అంతా విన్నాడు. వినడం ఆయన వృత్తి. "ఇదంతా నాకెందుకు చెబుతున్నావ్?"

"నేను ఎక్కువ రోజులుండను."

"డాక్టరు చెప్పారా?"

"రంగు చెప్పింది."

"డాక్టర్ని అడిగావా?"

"రంగు కనిపించాక అడిగేదేముంది?"

మేస్త్రి గ్లాసులో మిగిలిన టీ పారబోశాడు. "నేనైతే గోడని కూడా రెండోసారి అడుగుతానక్కా," అన్నాడు.

"మీ పద్ధతి మీది."

"ఇంట్లో తెలుసా?"

"తెలీదు. మీరు చెప్పొద్దు."

ఆయన రెంచి రెండు చేతులతో అందుకుని బరువు చూశాడు. "దీన్ని తీసుకోను," అన్నాడు. "ఉంచుతాను."

తీసుకోవడానికీ ఉంచడానికీ తేడా ఏమిటని ఆవిడ అడగలేదు. ఖాళీ సంచి లాక్కుంటూ వెళ్ళిపోయింది. ఇంట్లో రెంచి వేలాడే మేకు బోసిగా ఉంది. ఆ సాయంత్రం భర్త ఆ మేకు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆయనా అడగలేదు. భోజనం చేసి మళ్ళీ కొట్టుకు పోయాడు.

ఫలితం చెప్పే రోజున మళ్ళీ అదే గదిలో అవే రెండు కుర్చీల్లో కూర్చున్నారు. మూల కుళాయి కారుతూనే ఉంది. భర్త ఒళ్ళో ఒక గుడ్డసంచి పెట్టుకుని దాని మూతి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. పైపులక్క చేతులు కట్టుకుని, కింది ఇంట్లో పైకప్పు చూస్తున్నప్పటి మొహం పెట్టుకుంది.

"రంగు ముందుగా చేరిన గ్రంథులు రెండు కనిపించాయి," అంది డాక్టరమ్మ. "రెండూ తీసి పరీక్షకు పంపాం. రెండింట్లోనూ జబ్బు లేదు. ఇంక చంక జోలికి పోనక్కర్లేదు."

భర్త సంచి మూతి మీది పట్టు సడలించాడు. పైపులక్క తల అడ్డంగా ఊపింది.

"లేదండీ. మీ పరీక్ష తప్పు."

డాక్టరమ్మ ఎన్నో వాదనలు విన్నది. చెడ్డవార్త చెబితే కాదని కొట్లాడినవాళ్ళు బోలెడుమంది. మంచివార్త మీద ఒంటికాలి మీద లేచిన మనిషిని చూడడం ఇదే మొదలు. "ఎందుకమ్మా?" అని అడిగింది.

"రంగు బయటికొచ్చింది. మర్నాడే. బాత్రూములో నా కళ్ళతో చూశాను. ట్యాంకు కూడా చూశాను, అందులో ఏం లేదు. ఒళ్ళంతా పాకితేనేగా అక్కడికొచ్చేది?"

డాక్టరమ్మకు ట్యాంకు సంగతి అర్థం కాకపోయినా మిగతాది అయింది. "మూత్రం నీలంగా వస్తుందని నేను ముందే చెప్పాను కదమ్మా. ఈ గదిలోనే."

పైపులక్క మెల్లగా భర్త వైపు తిరిగింది. "చెప్పారా?"

"చెప్పారు."

"మీరు విన్నారా?"

"విన్నాను. నర్సమ్మ కూడా చెప్పింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వూ ఇక్కడే ఉన్నావుగా. తర్వాత అడగలేదు."

"అత్తయ్యకు తెలుసా?"

"అమ్మ అడిగింది. చెప్పాను."

అత్తయ్యకు తెలుసంటే వీధికంతా తెలుసు. ఊరందరికీ తెలిసిన తన మూత్రం సంగతి తెలియనిది తనొక్కదానికే. పైపులక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ దాని వెనకే ఇంకేదో కూడా ఎక్కుతోంది, దానికి ఇంకా చోటివ్వడానికి ధైర్యం చాలలేదు. "అయితే ఆ రంగు..." అని ఆగింది.

"రంగు పని దారి చూపించడం," అంది డాక్టరమ్మ. "కొంత గ్రంథిలో ఆగుతుంది. మిగిలింది రక్తంలో కలిసి మూత్రంలో పోతుంది. జబ్బున్నా లేకపోయినా పోతుంది. దారి ఉన్నంత మాత్రాన జబ్బు ఆ దారిన నడిచినట్టు కాదు. నడిచిందో లేదో గ్రంథిని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. చూశారు. నడవలేదు."

"పైపుల్లో అలా ఉండదు."

"నువ్వు పైపువి కాదమ్మా."

పైపులక్కకు ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, చాలా చిన్న గొంతుతో అడిగింది. "చెయ్యి?"

"చెయ్యి నీదే. గాయం పూర్తిగా మానేదాకా బరువులు ఎత్తకు. ఆ తర్వాత మెల్లగా పని మొదలుపెట్టుకో. రొమ్ముకు కరెంటు వైద్యం, అదే రేడియేషన్, ఇంకా ఉంది, దాని గురించి చెప్పాలి."

ఆ రెంచి ఏమైందని మీకు ఉంటుంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. ఈ కబురు తెలిసిన రోజునే గోడచెవి మేస్త్రి దాన్ని భుజాన వేసుకుని, వీధి మధ్యలోంచి నడిచొచ్చి, ఆ మేకుకే తగిలించి వెళ్ళాడు. నూనె రాసి ఉంది. ఒక్కసారీ వాడలేదు. "మరీ బరువు, నాకు పనికిరాదు" అన్నాడు. సీసాలు కూడా తెచ్చాడు, వాటిలో నీలం మాత్రం కాస్త తగ్గి ఉంది. ఆ తర్వాత ఎదురుపడితే ఇద్దరూ వీధి దాటడం మానేశారు గానీ, మాట్లాడుకున్నారని చెప్పలేను.

ఆసుపత్రి గదిలోకి వద్దాం. డాక్టరమ్మ కరెంటు వైద్యం గురించి మొదలుపెట్టింది. మూల కుళాయి చుక్క వదిలింది. పైపులక్క చూపు మళ్ళీ అటు పోయింది. పోయిన సంగతి ఈసారి ఆవిడకే తెలిసింది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది. "అది కారుతుంటే నేను వినలేను. వినలేకే ఇదంతా అయింది." జేబులో చెయ్యి పెట్టి ఒక వాషర్ తీసింది. వాషర్ లేకుండా ఆవిడ గడప దాటదు, ఆపరేషన్‌కు కూడా ఒకటి వెంట తీసుకెళితే నర్సమ్మ లాక్కుంది. "రెంచి లేదు. ఇక్కడ ఎవరి దగ్గరన్నా ఉంటదా?"

భర్త ఒళ్ళోని గుడ్డసంచి విప్పి, అందులోంచి ఒక వస్తువు తీసి ఆవిడ ముందు పెట్టాడు. అది రెంచే. చిన్నది, తేలికది. పిడి మాత్రం పొడుగ్గా, కొంచెం పక్కకు వంచి ఉంది. వేళ్ళు ఆనే చోట పల్లాలు పడేలా అరగదీసి నున్నగా చేసి ఉంది. పైపులక్క కుడిచేత్తో తీసుకుంటే వేళ్ళు కుదరలేదు. ఎడమచేతిలోకి మార్చింది. చేతికి కొలత తీసినట్టు కూర్చుంది.

"ఏంటిది?"

"ఎడమచేతిది."

"ఎప్పుడు చేశారు?"

"కుడిచెయ్యి వాస్తుందేమో అన్న రోజునుంచి. మూడోది ఇది. మొదటివి రెండూ కుదరలేదు."

"నాకు చెప్పలేదేం?"

అడగలేదుగా అంటాడని ఆవిడ అనుకుంది. ఆయన అనలేదు. "కాగితం బాగాలేకపోతే ఇద్దామనుకున్నాను," అన్నాడు.

"బాగుంటే?"

"ఇంటికి తీసుకుపోదామనుకున్నాను."

పైపులక్క లేచి తొట్టి దగ్గరికి వెళ్ళింది. భర్త వంగి కింద నీళ్ళు కట్టేశాడు. ఆవిడ ఎడమచేత్తో కుళాయి మెడ పట్టింది. మొదటిసారి జారింది. రెండోసారి పట్టు దొరికి తిరిగింది. పాత వాషర్ నుజ్జునుజ్జుగా బయటికొచ్చింది. కొత్తది వేసి, బిగించి, నీళ్ళు వదలమంది. ముగ్గురూ కుళాయి కేసి చూస్తూ నిలబడ్డారు. బయట వసారాలో తర్వాతి మనిషి పేరు పిలవడం కోసం ఎదురు చూస్తోంది. డాక్టరమ్మ గడియారం చూసుకుంది, మళ్ళీ కుళాయి చూసింది. ఒక్క చుక్క కూడా పడలేదు. గదిలో చప్పుడు లేదు.

పైపులక్క వచ్చి కుర్చీలో కూర్చుని, ఎడమచేతి రెంచి ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడు చెప్పండి," అంది. "మొదటి రోజునుంచి చెప్పండి. ఆ రోజు చెప్పినవి కూడా."

డాక్టరమ్మ పనులు చాలా ఉన్న మనిషి. అయినా పెన్ను కింద పెట్టి, గడ్డ దగ్గర మొదలుపెట్టి, గొట్టాలు, గ్రంథులు, రంగు, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. పైపులక్క గోడకు చెవి ఆనించినంత శ్రద్ధగా విన్నది. మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు.

"రంగు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం నీలంగా వస్తుంది," అని డాక్టరమ్మ పాతబడిపోయిన ఆ మాట కూడా వదలకుండా చెప్పింది. "కంగారు పడొద్దు."

"సరేనండీ," అంది పైపులక్క. "పడను." అని, అప్పుడు ఏడ్చింది.